అమరావతీ స్థాపనము – వాసిరెడ్డి వంశప్రసక్తి

ఊరి పుట్టుకను వంశచరిత్రమునుండి తెలిసికొనఁగోరువారికిఁ బ్రథమవిఘ్నము స్థాపనశబ్దమే. బాపట్ల ప్రాంతమునందలి కర్లపాలెము మొదలగు గ్రామనామములలోని ‘పాలెము’ దండువిడిదిని గాని, పెద్దయూరి నంటియుండు శివారుపల్లెను గాని సూచించును. పేరు విడిదిని జెప్పునే కాని విడిసినవానిని జెప్పదు. ఆ లోపమును వంశకథ పూరించును. అది పూరించునపుడే విమర్శకుఁడు మేలుకొనవలెను.

అమరావతి యిందులకుఁ దగిన యుదాహరణము. ఈ పురమును వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు (మరణము 1816) స్థాపించెనని లోకప్రసిద్ధి. అయినను కోటకేతరాజు 1182 నాఁటి శాసనమున నమరేశ్వరుని స్మరించియున్నాఁడు. ఆ శాసనమే బుద్ధదేవునకుఁ జేసిన దానములను గూడఁ బేర్కొనుచున్నది. 1515లోఁ గొండవీటి విజయానంతరము కృష్ణదేవరాయ లిచ్చటఁ దులాపురుషదానము గావించెను. ప్రక్కనున్న ధరణికోట ధాన్యకటకమై శాతవాహనులనాఁటికే వెలసినది. కావున క్షేత్రమునకుఁ గాని కోటకుఁ గాని నాయఁడు కర్త కాఁడు.

ఆయన కట్టినది పేట. 1796 ప్రాంతమునఁ జింతపల్లినుండి నివాసము మార్చి, అక్కడి వర్తకులను రప్పించి, ఇండ్లు కట్టించి, ఆలయమును బాగుచేయించెను. 1797లో నిచ్చటికి వచ్చిన కాలిన్ మెకంజీ వ్రాఁత, 1807లో నచ్చుపడినది, దీనికి సమకాలికసాక్ష్యము. ఇంతటి సాక్ష్యము మన గ్రామములలో నెన్నింటికి లభించును?

నివాసము మార్చుటకుఁ గారణములు రెండు చెప్పఁబడుచున్నవి. చెంచులను విందునకుఁ బిలిచి చంపించిన పాపమునకుఁ బ్రాయశ్చిత్తముగా నాయఁ డమరేశ్వరుని చెంతఁ జేరెనని జనశ్రుతి. నరుకుళ్ళపాడను గ్రామనామమును దీనికి సాక్షిగాఁ జూపుదురు. ఊరిపేరును గథకును, కథను ఊరిపేరునకును సాక్షిగా నిలుపుట యన్యోన్యాశ్రయదోషము. రెండవది ఆంగ్లేయ ప్రభుత్వముతోడి మనస్పర్ధ. మొదటికథ దేవాలయములకుఁ జేసిన దానములకు సమాధాన మిచ్చును. వర్తకులను దరలించుటకు నీయదు. దానికి రాజకీయకారణమే పొసఁగును. అయినను పశ్చాత్తాపకథ నంతమాత్రమునఁ ద్రోసివేయఁదగదు. ప్రజలు నాయని నెట్లు తలఁచిరో యదియే చెప్పుచున్నది.

స్థాపకుని గీర్తించునపుడు విడువరాని విషయ మింకొకటి కలదు. క్రొత్తపేటకుఁ గావలసిన యిటుకలును రాళ్లును దీపాలదిన్నెనుండి వచ్చినవి. ఆ దిన్నె బౌద్ధమహాచైత్యము. అందు నిధి దొరకునను నాశయుఁ ద్రవ్వకమునకుఁ దోడ్పడినది. చైత్యమును లోకమునకు బయలుపఱచినవాఁడును, చెఱచినవాఁడును నొక్కఁడే యగుట విచిత్రము. నాయఁడు కళావిధ్వంసకుఁడను నిందయు సరికాదు. ఆ కాలమున నా గుట్ట యెవరిదో యెఱిఁగినవారు లేరు. ఐనను నష్టము నష్టమే. 1816లో మెకంజీ మరల వచ్చి చిత్రములు వ్రాయించునాఁటికి దిన్నెనడుమఁ జెఱువు త్రవ్వఁబడియుండెను. శిలాఫలకములు కొన్ని శివగంగ చెఱువు మెట్లలోఁ జేరెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి మదరాసు చేరి, వానిలోఁ బెక్కులు 1859లో లండనున కేఁగెను.