కథానాయికకు కడుపునొప్పి రాదు

మన నవలల్లో నాయికలకు వచ్చే జబ్బులు ఎంత మర్యాదస్తులో గమనించారా? ఒకప్పుడు క్షయ. తర్వాత గుండెజబ్బు. ఆ తర్వాత బ్లడ్ కాన్సర్. ఏదైనా సరే, నడుము కిందికి దిగకూడదు! దిగేది ఒక్క సందర్భంలోనే. నాయిక వాంతి చేసుకుంటుంది, డాక్టరు నాడి పట్టుకుని చిరునవ్వుతో "శుభవార్త" అంటాడు. నాడి చూసి కడుపు చెప్పే ఆ విద్య ఏ వైద్య కళాశాలలో నేర్పుతారో మన రచయితలకూ, సినిమా వాళ్లకూ మాత్రమే తెలుసు.

నవ్వుకుని వదిలేద్దామంటే, గోదావరిఖని గుర్తొచ్చినప్పుడల్లా ఈ మర్యాద మీద నాకు అనుమానం కలుగుతుంది.

గోదావరిఖనే ఎందుకంటారా? మారుమూల పల్లెలో ఆడది డాక్టరు దగ్గరికి వెళ్లలేదంటే ఆస్పత్రి దూరమనో, చేతిలో డబ్బు లేదనో సరిపెట్టుకోవచ్చు. సింగరేణి కార్మికుడి భార్యకు ఆ చిక్కు లేదు. కంపెనీ ఆస్పత్రి ఊళ్లోనే ఉంది. ఉద్యోగి కుటుంబానికి వైద్యం ఉచితం. అయినా తెల్లబట్ట అవుతోందనో, ముట్లుడిగిన ఏడాదికి మళ్లీ రక్తం కనబడిందనో చెప్పాలంటే నోరు పెగలదు. బాయి దిగి అలిసొచ్చిన ఆయనకు చెప్పాలి. అత్తగారి చెవిన వెయ్యాలి. క్వార్టర్ల వరసలో ఎవరు ఎందుకు ఆస్పత్రికి వెళ్లారో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. అడ్డం డబ్బు కాదు, మాట!

సింగరేణి కథల్లో గని కప్పు కూలుతుంది, సమ్మె జరుగుతుంది. మగవాడి ఒంటి దెబ్బ కథ అవుతుంది. అది న్యాయమే. ఆయన భార్య మాత్రం, నేను చదివినంతలో, ఏడవడానికే ఎక్కువగా కథలోకి వస్తుంది. ఆమె ఒంటికి కథలో చోటు తక్కువ.

చెప్పలేని మాటకు చెల్లించే ధర చిన్నది కాదు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే కాన్సర్ రాత్రికి రాత్రి ముంచుకొచ్చేది కాదు. సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ముందుగా పరీక్ష చేయించుకుంటే ప్రాణం దక్కించుకోవచ్చు. ఇక గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువ ఆంధ్రప్రదేశ్‌లో, ఆ తర్వాత తెలంగాణలో ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అన్ని ఆపరేషన్లూ అనవసరమని అనను. కానీ బాధేమిటో చెప్పుకోలేని మనిషి, "తీసేద్దాం" అన్నప్పుడు "ఎందుకండీ?" అని మాత్రం ఎలా అడుగుతుంది?

1991లో స్త్రీశక్తి సంఘటన వారి 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. స్త్రీల ఆరోగ్య సమస్యల మీద పుస్తకం. ఆ పేరే నాకు సగం నచ్చింది. అది డాక్టరుగారి ఉపదేశం కాదు, ఆడవాళ్ల ప్రశ్న. కానీ అలాంటి పుస్తకం చేతిలో కనిపిస్తే చాలు, "నీకేమైందే?" అంటుంది ఇల్లంతా. వారపత్రికలో సీరియల్‌కు ఆ భయం లేదు. కోడలు చదివి పక్కన పెడితే అత్తగారు తీసుకుంటుంది. ఇద్దరి మధ్యా లేని మాటను నెలకొల్పగల శక్తి వైద్య గ్రంథానికంటె కథకే ఎక్కువ. ఆ శక్తిని మనం నాడి చూడ్డానికి వాడేశాం!

బయటి అడ్డంకులు కొన్ని తగ్గుతున్నాయి. గోదావరిఖని 2016 దాకా కరీంనగర్ జిల్లాలోదే. ఆ కరీంనగర్‌లోనే 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' మొదలైంది. మంగళవారాలు ఆడ డాక్టర్లు, ఆడ సిబ్బంది ఆడవాళ్లను చూసే ఏర్పాటు అది. గదిలో మగవాళ్లు లేకపోతే సిగ్గు సగం తగ్గుతుంది. మిగతా సగం ఇంట్లోనే తగ్గాలి.

కాబట్టి రచయితలకు నాదొక మనవి. నాయికకు ఒక్కసారి కడుపునొప్పి రానివ్వండి. అదేమిటో ఆమె నోటితోనే చెప్పనివ్వండి. నాయకుడు నైట్ షిఫ్టు దిగి, నిద్ర మానుకుని, ఓపీ చీటీ కోసం ఆమెతో వరసలో నిలబడనివ్వండి. దానికంటె మంచి ప్రేమ సన్నివేశం ఉంటుందా, మీరే చెప్పండి!