సానరాతిమీది మాత్ర

బసవనగుడి గాంధీబజారులో పూలబుట్టల వరుస దాటిన పిమ్మట, కొబ్బరి, కర్పూరము, కుంకుమ, ఎండువేళ్లు, చెక్కలు, గింజలు ఒక్కచోటనే అమ్ము గ్రంధిగె అంగడి యొకటి కలదు. మన ఊళ్లలో పచారికొట్టున నొక మూలకు ఒదిగిపోవు ఈ సరకులకు ఇచ్చట ప్రత్యేకముగా నొక దుకాణమే యుండుట చూచి, బెంగళూరికి వచ్చిన క్రొత్తలో ముచ్చటపడితిని. రెండేండ్ల క్రిందట మా అమ్మాయి మూడు నెలల పసికందుతో మా యింట నున్నప్పుడు, అచ్చటికి పోయి వస యున్నదా యని యడుగగా దుకాణదారునికి అర్థము కాలేదు. పిల్లలకు మాటలు వచ్చుటకై నాలుకపై రాచెడి కొమ్మని చెప్పగా, అతడు నవ్వి, "బజెనా సార్? మగూగా?" అని, కణుపులు కణుపులుగా నున్న గోధుమవన్నె కొమ్మును డబ్బానుండి తీసి, నేనడుగకమునుపే జాజికాయ, కరక్కాయ, మాచికాయ, శొంఠి చేర్చి వేరువేరు పొట్లములు కట్టెను. పసిబిడ్డ యున్న యింటికేమి కావలెనో అతనికి తెలియును. ఏది యెంత కావలెనో మాత్రము అతడు చెప్పలేదు, నేనును అడుగలేదు.

మా అవ్వది హిందూపురము ప్రక్క పల్లె. పసిబిడ్డకు తలంటి, సాంబ్రాణి పొగ వేసిన పిదప, ఆమె నల్లని సానరాతిని కడిగి ముందుంచుకొని, దానిపై తల్లిపాలు నాలుగు చుక్కలు విడిచి, ఆముదపు దీపమున కాల్చిన వస మొదలుకొని దినుసు తరువాత దినుసు నరగదీసి, ఆ గంధమును వేలితో ఉగ్గుగిన్నెలోనికి తీయుచుండెడిది. ఆమె కొలమానము చుట్టు. వసకు ఒక చుట్టు, కరక్కాయకు రెండు, శొంఠికి ఒకటి, జాజికాయకు అరచుట్టు. బిడ్డకు విరేచనము గట్టిపడినచో కరక్కాయకు చుట్టు పెరుగును. పలుచనైనచో కరక్కాయ మానివేసి మాచికాయను చేతబట్టును. చేయి తిరుగుచుండగా పెదవులు లెక్క పెట్టుచుండును. ఆ సమయమున నెవరైన పలుకరించినచో, "ఉండబ్బా, లెక్క తప్పుతాది" అని కసరెడిది. సంస్కృతమున మాత్ర యనగా కొలత. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు. ఆ మాటనే తెలుగువారును, కన్నడిగులును, తమిళులును మందుబిళ్లకు పెట్టుకొనిరి. అవ్వకు ఛందస్సు తెలియదు గాని, మందనగా కొలతయేనని ఆమె చేతికి తెలియును.

నా చేతికి తెలియలేదు. ఒకనాటి రాత్రి బిడ్డ గుక్కపట్టి యేడ్చుచుండగా, అమ్మాయి అలసియున్నదని, తాతరికపు దర్పముతో నేనే సానరాయి ముందు కూర్చుంటిని. జాజికాయ త్రిప్పుచుండగా ఫోను మ్రోగెను; మాటలలోపడి యెన్ని చుట్లు త్రిప్పితినో యెరుగను. బిడ్డ నిద్రించెను. పాలవేళ దాటెను, మరల నొక పాలవేళయు దాటెను. పాదములు గిల్లినను, తడిబట్టతో మొగము తుడిచినను సరిగా కన్ను తెరువదయ్యెను. అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి పోయినప్పుడు, అచ్చటి పిల్లల డాక్టరమ్మ బిడ్డను పరీక్షించి, నన్ను నిందింపక, మెల్లగా నడిగినది ఒక్కటే ప్రశ్న: "ఎంత పెట్టారు, అంకుల్?" నాకడ సమాధానము లేదు. తెల్లవారుజామున బిడ్డ కన్ను తెరచి పాలు కుడుచువరకు, ఆ "ఎంత" అను మాటయే నా చెవులలో తిరుగుచుండెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీళ్లు సైతము పోయరాదని ఆమె చెప్పి పంపెను.

అటుపిమ్మట నేను తెలిసికొన్న సంగతులు నా గర్వమును మరికొంత దించినవి. మన దేశపు వసయందు బీటా-అసరోన్ అను ద్రవ్యము హెచ్చు. అది ఎలుకలలో కంతులు పుట్టించినదని తేలుటచే, అమెరికా ప్రభుత్వము 1968లో వసను ఆహారమున చేర్చరాదని నిషేధించెను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుట ప్రమాదకరము. దానిలో నుండదగు బొట్యులిజపు బీజములు ముదురని ప్రేగులలో మొలకెత్తి విషమును పుట్టింపగలవు. నలుగుపెట్టునప్పుడు ముక్కున విడుచు రెండు చుక్కల నూనె ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా తేగలదు. ప్రకృతిసిద్ధమను ముద్రవేసి అమ్ము పొట్లములను ఈ నగరమున ప్రతి వీధిలోను చూచుచున్నాను. గన్నేరుకాయయు ప్రకృతిసిద్ధమే గదా! అవ్వను తలచుకొని నిట్టూర్చువారికి మరియొక లెక్కయు చెప్పవలెను: ఆమె పదిమందిని కని నలుగురిని దక్కించుకొనెను. ఈ లెక్కను ఆమె పైకి చదువగా నేనెన్నడును వినలేదు.

అయినను ఆమె గంజిని మాత్రము నేను విడిచిపెట్టను. పెద్దపిల్లలకు విరేచనములు పట్టుకొన్నప్పుడు, పలుచని గంజిలో ఉప్పుకల్లు వేసి, గ్లాసుతో ఒక్కమారు త్రాగింపక, చెంచాతో కొంచెము కొంచెముగా పోయుచు రాత్రియంతయు కూర్చుండెడిది. అన్నములోని పిండిపదార్థము ప్రేగులలో గ్లూకోజుగా మారును. గ్లూకోజు ఉప్పును వెంటబెట్టుకొని రక్తములోనికి పోవును. ఉప్పు వెంట నీరు పోవును. ఈ త్రోవ 1960 తరువాతనే శాస్త్రజ్ఞులకు విశదమైనది. 1971లో తూర్పు బెంగాలునుండి శరణార్థులు వెల్లువగా వచ్చి బంగావ్ శిబిరమున కలరావాతబడినప్పుడు, నరములోనికి ఎక్కించు సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన పొట్లములు కట్టించి, నీటిలో కలిపి త్రాగింపుడని రోగుల బంధువుల చేతికే యిచ్చెను. నూటికి 30 వరకు నున్న మరణములు 4 లోపునకు దిగెను. వైద్యమును చెంచాతో తల్లి చేతికిచ్చిన ఆ మహనీయునికి పద్మవిభూషణము 2023లో, ఆయన గతించిన పిదప వచ్చినది. పొట్లము దొరకని యింట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు సమచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు: కొలత యింతే. చక్కెర హెచ్చినచో ప్రేగులు నీటిని లోనికి తీసికొనుటకు మారుగా వెలికి లాగి విరేచనములను పెంచును. ఉప్పు హెచ్చినచో మరింత అపాయము. ఓఆర్ఎస్ అనబడు సరియైన పొడిలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు మాత్రమే యుండగా, దానికి పలురెట్ల చక్కెర పోసిన పానీయములు అదే పేరు తగిలించుకొని మందుల షాపులలో ఏండ్ల తరబడి కూర్చుండినవి. హైదరాబాదులో పిల్లల వైద్యురాలగు శివరంజని సంతోష్ పట్టువిడువక పోరాడగా, 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆజ్ఞాపించినది. ఆమె పోరాటమును చదివినప్పుడు నాకు సానరాయి ముందు కసరుకొను మా అవ్వయే కనబడెను.

పాతదియెల్ల మూఢమని తేల్చువారు యలహంక దారిపట్టి పోయిన బాగుండును. అచ్చట 1993 నుండి మన మూలికలను, ఇంటివైద్యములను పరిశోధించుచున్న సంస్థవారు, రాగి బిందెలో నీరు నిలువచేయు మన ఆచారమును గాలికి వదలక పరీక్షకు పెట్టిరి. కలరా మొదలగు జబ్బులను తెచ్చు సూక్ష్మజీవులను నీటిలో కలిపి రాగిపాత్రలో 16 గంటలుంచగా, అవి మరల పెంపకమునకు దొరకలేదని 2012లో ప్రకటించిరి. నీటిలోనికి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించిన హద్దుకు పదవవంతైనను లేదు. అవ్వ యింట బిందె రాత్రి నిండి ప్రొద్దుట వాడుకకు వచ్చెడిది. అది ఆ 16 గంటలకు తక్కువయేనని లెక్కవేసికొని, ఇచ్చటి ట్యాంకరు నీటిని కాచి చల్లార్చి రాగిచెంబున పోసియుంచుచున్నాను.

జాజికాయను అమ్మాయి మసాలాడబ్బాలోనికి మార్చినది. సానరాతిపై నేనిప్పుడు దేవునికి గంధము మాత్రము తీయుదును. వస పొట్లము విప్పకయే పోయినది. మనుమరాలి నాలుకపై దాని గంధమైనను తగులలేదు. అయినను రెండేండ్లు నిండినంతనే తెలుగు, కన్నడము, ఇంగ్లీషు కలగలిపి ప్రొద్దుగూకులు వసపిట్టవలె వదరుచున్నది. నేను గంధము తీయుచుండగా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "తాతా, ఒందు, రెండు, త్రీ" అని నా చుట్లు లెక్కపెట్టుచున్నది.