ఎడమ పక్కన కాగితే టీ-72

జంపని ఊరి డొంకలో ఎదురొచ్చే ట్రాక్టరు ఏ కంపెనీదో రంగు చూసి చెప్పేస్తారు. వేడిని బట్టి గురి చూపే థర్మల్ సైట్‌లో ఆ రంగే ఉండదు. వేడి తెల్లగా, చల్లదనం నల్లగా. మీట నొక్కితే అదీ తారుమారు. అందులో ట్యాంకంటే ఇంజను, పొగగొట్టం, ఒరిపిడికి కాగిన చక్రాలు, అప్పుడే పేలి ఉంటే ఫిరంగి గొట్టం. అంతే.

రేపల్లె నుంచి కృష్ణ దాటితే మచిలీపట్నం. 1983లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని తీసుకున్న భారత్ ఎలక్ట్రానిక్స్ అక్కడ చీకట్లో చూసే పరికరాలు తయారుచేస్తోంది. పరికరం సరే, దాని వెనకున్న కన్ను మాటేమిటి?

1991 గల్ఫ్ యుద్ధంలో పోరులో చనిపోయిన అమెరికన్లు 148 మంది. వాళ్లలో 35 మంది సొంత సేన కాల్పులకే పోయారు. కారణాలు ఎన్నున్నా, పోల్చుకోలేకపోవడం వాటిలో పెద్దది. ‘ఏదో ఉంది’ అని తెలిసే దూరం ఎక్కువ, ‘అది ఫలానాది’ అని తేలే దూరం చాలా తక్కువ. జాన్ జాన్సన్ 1958లోనే దీనికి లెక్క కట్టాడు: ఉనికి పట్టడానికి చాలినదానికి ఆరు రెట్లకు పైగా వివరం ఉంటేగానీ రకం తేలదు. ఈ ఎడంలోనే వేలు ట్రిగ్గర్ మీదికి పోతుంది.

అమెరికా సైన్యం పట్టుకున్న మందు చవకైనదే. రాక్-వీ అనే సాఫ్ట్‌వేర్‌ను మామూలు కంప్యూటర్లో వేసుకుని, జవాను వాహనాల థర్మల్ బొమ్మల్ని నలువైపులా తిప్పి చూస్తాడు, దూరం పెంచి మళ్లీ పరీక్ష రాస్తాడు. టీ-72కు పొగగొట్టం ఎడమ పక్కన, వెనగ్గా ఉంటుంది. పాకిస్తాన్ దగ్గరున్న టీ-80యూడీకి వేడి వెనకనుంచే పోతుంది. మెదక్ కర్మాగారం చేసే బీఎంపీ-2 పదాతి వాహనానికైతే ఇంజనే ముందు. ఎదురుగా చూస్తే టీ-72, టీ-80యూడీ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి మరి!

1993లో హైదరాబాదులో మొదలైన జెన్ టెక్నాలజీస్ సైన్యానికి సిమ్యులేటర్లు చేస్తోంది. ట్యాంకు తోలడానికీ, గురి నేర్వడానికీ అలాంటివి కావాల్సిందే. బండిని గుర్తుపట్టడానికి మాత్రం కుదుపులిచ్చే కుర్చీ దేనికి?

చవక బొమ్మలకూ ఓ లోపముంది: మరీ శుభ్రంగా ఉంటాయి. పొద్దు పొడిచేటప్పుడూ కుంకేటప్పుడూ ఇనుమూ నేలా ఒకే వేడికొచ్చి, ఇంజను ఆపిన బండి కలిసిపోతుంది. సూర్యలంక తీరంలోని తేమగాలి దూరపు వేడిని మింగేస్తుంది. ఎడారిలో తీసిన బొమ్మల్లో ఈ మసక ఉండదు. అది ఉన్న బొమ్మల్ని ఇక్కడే, ఇక్కడి గాలిలోనే తీయాలి.