వగరును తూచే విద్య: షాతో మార్గో ఎర్ర వైన్ పరీక్ష

ఫ్రాన్స్ దేశపు నైరుతి భాగాన, జిరోండ్ నదీముఖానికి ఎడమ ఒడ్డున ఉన్న మెడాక్ ప్రాంతంలో ఎర్ర వైన్‌ను రుచి చూసి విలువ కట్టడం తరతరాలుగా సాగుతున్న విద్య. షాతో అంటే కోట అని అర్థమే అయినా, అక్కడి వాడుకలో తోటనూ, భవనాన్నీ, తయారీశాలనూ కలిపి ఆ మాటతోనే పిలుస్తారు. 1855లో మూడవ నెపోలియన్ కాలపు పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు, అప్పటికి చాలాకాలంగా పలుకుతున్న ధరలను ఆధారం చేసుకొని అక్కడి ఎర్ర వైన్లను అయిదు తరగతులుగా విభజించినప్పుడు మెడాక్‌లోని షాతో మార్గోకు మొదటి తరగతి దక్కింది. ఆ పట్టిక తోటకు గౌరవాన్ని ఇస్తుందే గాని, ఫలానా సంవత్సరపు సీసాలో ఏముందో చెప్పదు. దాన్ని తేల్చవలసిన భారం ప్రతిసారీ కంటిమీదా, ముక్కుమీదా, నాలుకమీదా పడుతుంది.

పరీక్షకు వాడే గ్లాసు తామరమొగ్గలా అడుగున వెడల్పుగా, పైన ముడుచుకొని ఉంటుంది. అందులో మూడో వంతుకు మించకుండా పోసి, తెల్లని గుడ్డ మీదుగా వంచి అంచును చూస్తారు. లేత వైన్ అంచున ఊదా ఛాయ కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఇటుక రంగుకు తిరుగుతుంది. గ్లాసు గోడల మీద కన్నీటి చారల్లా జారే బిందువులు ఆల్కహాల్ త్వరగా ఆవిరై తలతన్యత మారడం వల్ల ఏర్పడేవి కనుక, వాటిని బట్టి నాణ్యతను ఊహించడం పొరపాటు. రంగు కూడా మోసగించగలదు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే బోర్డోలో వైన్ శాస్త్రం చదువుకుంటున్న 54 మంది దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారని 2001లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. సీసాకు ముసుగు వేసి, పేరు తెలియనివ్వకుండా రుచి చూపించే ఆచారానికి ఇంతకంటే గట్టి సమర్థన అక్కరలేదు.

వాసనను రెండుసార్లు చూస్తారు. గ్లాసును కదపకముందు పైకి తేలే పరిమళం ఒకటి, గిరగిర తిప్పిన తరువాత విడుదలయ్యేది మరొకటి. మార్గో వైన్‌లో ప్రధానమైన కాబెర్నే సావిన్యాన్ ద్రాక్ష సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన పైకి వస్తుంది. బిరడా చెడితే తడిసిన అట్టముక్క వాసన కొడుతుంది. మంచి సంవత్సరంలో నల్లని పండ్ల పరిమళానికి తోడుగా వయొలెట్ పూల సువాసన వస్తుందని మార్గో వైన్లకు ప్రత్యేకమైన పేరుంది.

అసలు తీర్పు నోటిలో జరుగుతుంది. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ, కొంతవరకు 225 లీటర్ల ఓక్ పీపాల నుంచీ వైన్‌లోకి దిగే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోరు ఎండి బిగుసుకుపోయినట్లు అనిపిస్తుంది. షడ్రుచుల్లో వగరుకు స్థానమిచ్చి, ఉగాది పచ్చడిలో దాన్ని ఏటా పలకరించే తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. పచ్చి అరటికాయకూ, వక్కకూ, పండిన నేరేడుకూ వగరులో ఎంత తేడా ఉందో తెలిసినవారు సగం విద్య నేర్చినట్లే. నాసి వైన్‌లో వగరు చిగుళ్లను గీరుతుంది. గొప్ప వైన్‌లో అది అంతే బలంగా ఉన్నా పట్టుబట్టలా పరచుకుంటుంది. మార్గో పేరు నిలబడింది ఈ మెత్తని బలం మీదనే.

బోర్డో ఆచార్యుడు ఎమిల్ పేనో ఈ సమతూకాన్ని సూత్రంగా చెప్పాడు: ఆల్కహాల్ ఇచ్చే తీపిదనం ఒకవైపు, పులుపూ వగరూ కలిసి మరొకవైపు తూగాలి; పులుపు తగ్గినకొద్దీ వైన్ ఎక్కువ వగరును మోయగలదు. అందుకే వడ్డించే వేడిమికీ ప్రాధాన్యం ఉంది. దాదాపు 17, 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర కుదురుగా ఉండే వైన్ బాగా చల్లబడితే వగరు కరకుగా మారుతుంది, వేడెక్కితే ఆల్కహాల్ ఘాటు మిగతావాటిని కప్పేస్తుంది. మింగినా ఉమ్మినా రుచి ఎంతసేపు నిలుస్తుందో సెకన్లలో లెక్కిస్తారు. ఒక్కొక్క సెకనును కొదాలి అంటారు, తోక అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టిన పేరది.

1977లో మార్గో ఎస్టేట్ మెంట్జెలోపులోస్ కుటుంబం చేతికి వచ్చాక, క్షీణదశలో ఉన్న ఆ తోటకు సలహాదారుగా వచ్చింది ఈ పేనోయే. వేరువేరు మడుల ద్రాక్షతో వేరువేరుగా చేసిన వైన్లను రుచి చూసి, తగినవాటినే ప్రధాన వైన్‌లో కలిపి, తక్కినవాటిని పావియోఁ రూజ్ అనే రెండో వైన్‌కు మళ్లించే పద్ధతి అక్కడ కట్టుదిట్టమైంది. కాబట్టి రుచి పరీక్ష కొనేవారి వినోదంగా మిగలక, వైన్‌ను నిర్మించే పనిముట్టుగా పనిచేస్తుంది. ఈ విద్యకున్న గౌరవమంతా ఇక్కడే ఉంది.

దశాబ్దాలు నిలవున్న సీసాలో టానిన్లు రంగు పదార్థాలతో ముడిపడి మడ్డిగా అడుగుకు చేరుతాయి, వగరు మెత్తబడుతుంది, పండ్ల వాసన స్థానంలో దేవదారు, పొగాకు, తడి ఆకుల వాసనలు వస్తాయి. అటువంటి సీసాను ముందురోజే నిలబెట్టి, మెడ వెనుక దీపం పెట్టి, మడ్డి కదిలే క్షణంలో ఆగేలా వేరే పాత్రలోకి వంచుతారు. తాగడం ముగిశాక కూడా అనుభవజ్ఞులు గ్లాసును కడగనివ్వరు. అడుగున ఆరిన పొర నుంచి ఓక్ వాసన ఒక్కటే వస్తోందా, వైన్ పరిమళం ఇంకా మిగిలి ఉందా అని మరొకసారి ముక్కు దగ్గరకు తెచ్చుకుంటారు.