కండువా కింద కండలు

తమిళనాడులోని పాలకోడులో తెలుగు మాట్లాడే ఇళ్లకు ఒక సౌకర్యం ఉంది. ఒకే కథను రెండు భాషల్లో చూసి, ఎవరు బాగా చేశారో అరుగు మీద తేల్చుకోవచ్చు. 1994 నాటి తమిళ 'నాట్టామై', మరుసటేడు తెలుగులో వచ్చిన 'పెదరాయుడు' అలాంటి జంటే. 'పెదరాయుడు'లో ఊరిపెద్దగా మోహన్‌బాబు తీర్పు చెబితే గొంతు మోగుతుంది. 'నాట్టామై'లో శరత్‌కుమార్ తీర్పంతా భుజాల్లో ఉంటుంది. నా ఓటు రెండోవారికే. ఆ భుజాలు తయారైంది సినిమాలో కాదు మరి.

1974లో ఆయన మిస్టర్ మద్రాస్ యూనివర్సిటీ. బాడీబిల్డింగ్ పోటీలో వేదిక మీద ఎత్తడానికి బరువేమీ ఉండదు. ఉన్నదల్లా నిలబడటమే. లాట్ స్ప్రెడ్ పోజునే చూడండి. పిడికిళ్లు నడుముకు ఆన్చి వీపును రెండువైపులా విప్పాలి. అదే సమయంలో తొడలు, పిక్కలు బిగిసి ఉండాలి. ఇంత యాతనా ముఖంలో మాత్రం కనపడకూడదు. కెమెరా ముందుకు వచ్చేనాటికే ఈ విద్య ఆయనకు ఒంటబట్టింది.

మొదటి సినిమా తెలుగులోనే, 1986లో 'సమాజంలో స్త్రీ'. 1990లో 'పులన్ విసారణై'లో విజయకాంత్‌కు ఎదురు నిలిచిన విలన్‌గా జనానికి తెలిశారు. మరుసటేడే విజయబాపినీడు ఆ కండల మనిషిని 'గ్యాంగ్ లీడర్'లో చిరంజీవికి అన్నను చేసి, ఐఏఎస్‌కు చదివే రాఘవగా పుస్తకాల ముందు కూర్చోబెట్టారు. గమ్మత్తైన ఎంపిక!

అసలు పనితనం 'నాట్టామై'లో ఉంది. పంచె, కండువా, గుబురు మీసం. కండలు చూపించే ఆరాటం లేదు. పంచాయతీలో కూర్చుంటే వెన్ను నిటారుగా ఉంటుంది, చేతులు అనవసరంగా కదలవు. అరవకుండానే ఊరు సద్దుమణిగిందంటే నమ్మబుద్ధేస్తుంది. తమ్ముడు పశుపతీ ఆయనే. అన్న ముందు నిలబడ్డప్పుడు భుజాలు కాస్త లోపలికి ముడుచుకుంటాయి, అంతే. అదే ఒళ్లు, మనిషి మాత్రం చిన్నవాడైపోతాడు. ద్విపాత్రాభినయమంటే విగ్గు మార్చడమనుకునే హీరోలు ఈ ఒక్కటి చూస్తే చాలు.

2011లో 'కాంచన' చేసేనాటికి వయసు 57. చీర కట్టిన ఆ ట్రాన్స్‌జెండర్ పాత్రను వెకిలి నవ్వులకు వాడుకుని ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆయన తన ఒడ్డూ పొడుగూ దాచుకోలేదు, నడకను అతిగా వయ్యారం చేయలేదు. తనకు దక్కని డాక్టరు చదువును పెంచుకున్న గీతకు చెప్పించే కాంచనగా, ఆ విశాలమైన భుజాలతోనే తల్లిలా నిలబడ్డారు. రాఘవ లారెన్స్ దర్శకుడిగా చేసిన మంచి పనుల్లో ఈ పాత్ర ఆయనకివ్వడం ఒకటి.

2022 'పొన్నియిన్ సెల్వన్'లో పెద్ద పళువేట్టరాయర్ ఆయనే. కల్కి నవలలో ఆ వృద్ధ వీరుడి ఒంటిమీద 64 యుద్ధ గాయాలుంటాయి. సభలో ఆ ఠీవికి తిరుగులేదు. యువ భార్య నందిని దగ్గరికి వచ్చేసరికి మాత్రం మెత్తబడిపోతుంది.