ఎనభైల పాప్ పాటలు: ఔత్సాహికుల కవర్ వెర్షన్లు

ఒకరు పాడి విడుదల చేసిన పాటను మరొకరు మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని కవర్ వెర్షన్ అంటారు. వృత్తి కళాకారుల కవర్ వెర్షన్ల మీద విమర్శ చాలానే వచ్చింది. ఇంట్లో ఒక మైకు, ఒక కంప్యూటర్ పెట్టుకుని సరదా కొద్దీ రికార్డు చేసే ఔత్సాహికుల పాటలను మాత్రం “బాగా పాడారు”, “ఒరిజినల్‌లా లేదు” అన్న రెండు మాటలతో సరిపెట్టేస్తుంటారు. ఈ రెండూ విమర్శ కావు. పాశ్చాత్య దేశాలలో 1980ల నాటి పాప్ పాటలను ఔత్సాహికులు ఎలా తిరిగి పాడుతున్నారో మూడు పాటల ఆధారంగా ఇక్కడ పరిశీలిద్దాం. ఆ పాటలను వింటూ ఈ భాగాన్ని చదవండి.

ధ్వనే పాట అయిన కాలం

అంతకు ముందు తరం పాటల్లో చాలావాటిని ఒక్క గిటారు మీద వాయిస్తూ పాడుకోవచ్చు. పాటలో ముఖ్యమైనదంతా అందులోకి వచ్చేస్తుంది. 1980లలో ఈ పరిస్థితి మారింది. డ్రమ్ మెషీన్ల వాడకం పెరిగింది. యమహా సంస్థ 1983లో డీఎక్స్7 అనే కీబోర్డును విడుదల చేసింది. వేర్వేరు కంపెనీల వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపి నడిపే ‘మిడి’ పద్ధతి కూడా ఆ ఏడాదే వచ్చింది. సాహిత్యం, వరస ఎంత ముఖ్యమో, స్టూడియోలో తయారైన ధ్వని కూడా అంతే ముఖ్యమైంది. కాబట్టి ఆనాటి పాటను తిరిగి పాడదలచుకున్నవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది: ఆ ధ్వనిని తీసేస్తే పాటలో ఏం మిగులుతుంది?

పరికరాల కొరత చాలాకాలం పెద్ద అడ్డంకిగా ఉండేది. 1979లో టాస్కామ్ సంస్థ తెచ్చిన పోర్టాస్టూడియోతో మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులను విడివిడిగా రికార్డు చేసుకునే వీలు కలిగింది. ఈనాడు అంతకు ఎన్నో రెట్ల పని చేతిలోని ఫోనే చేస్తుంది. ఎనభైల నాటి ధ్వనులు కూడా సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా దొరుకుతాయి. ఇక కవర్ వెర్షన్ల మధ్య తేడా పరికరాల వల్ల వచ్చేది కాదు. పాడేవారు మూలగీతాన్ని ఎంత శ్రద్ధగా విన్నారన్న దాన్ని బట్టి వస్తుంది.

ఎదురుచూపును కత్తిరిస్తే

ఫిల్ కాలిన్స్ 1981లో విడుదల చేసిన ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ చూడండి. డ్రమ్ మెషీన్ మీద సన్నని దరువు, కీబోర్డు, గొంతు. మూడున్నర నిమిషాలకు పైగా పాట ఇలాగే అణిగిమణిగి నడుస్తుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అసలు డ్రమ్స్ వచ్చి పడతాయి. దెబ్బ పడగానే గది అంతా మోగినట్లుండి, ఆ మోత తగ్గుతూ పోకుండా టక్కున ఆగిపోతుంది. పీటర్ గేబ్రియల్ 1980 నాటి ఆల్బమ్ కోసం లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో కాలిన్స్ డ్రమ్స్ వాయించగా, ఇంజనీర్ హ్యూ ప్యాడ్‌గమ్‌తో పనిచేస్తున్నప్పుడు బయటపడిన ధ్వని ఇది. తరువాత ఆ దశాబ్దమంతా వినిపించింది.

ఔత్సాహిక డ్రమ్మర్లు లెక్కలేనంతమంది ఆ కొన్ని క్షణాల వాయింపును మాత్రమే రికార్డు చేశారు. చేయి తిరిగినవారు చాలామంది ఉన్నారు. ధ్వనిలోనూ లోపం కనిపించదు. అయినా ఆ ముక్క విన్నాక ఏమీ అనిపించదు. ఎందుకంటే ఆ దెబ్బ బరువు దాని ముందున్న మూడున్నర నిమిషాలలో ఉంది. 2007లో క్యాడ్‌బరీ చాక్లెట్ కోసం ఇదే పాటతో ఒక ప్రకటన తీశారు. గొరిల్లా వేషంలో ఉన్న మనిషి డ్రమ్స్ ముందు కూర్చుంటాడు. తొంభై సెకన్ల ప్రకటనలో చాలా భాగం అతడు ఎదురుచూస్తూనే ఉంటాడు. చాక్లెట్ అమ్మేవారికి తెలిసిన సంగతి చాలామంది డ్రమ్మర్లకు పట్టకపోవడం వింతే.

అందని స్వరం

నార్వేకు చెందిన ‘ఎ-హా’ బృందం పాట ‘టేక్ ఆన్ మీ’ 1984లో మొదటిసారి విడుదలైనప్పుడు ఆదరణ పొందలేదు. అలన్ టార్నీ నిర్మాతగా మళ్లీ రికార్డు చేస్తే 1985లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. కీబోర్డు మీద వచ్చే ఎత్తుగడ అందరికీ గుర్తుండిపోతుంది గానీ, పాడేవారికి పరీక్ష పల్లవిలో ఉంది. మార్టెన్ హార్కెట్ మంద్ర స్థాయిలో ఎత్తుకుని, మెట్టు మెట్టుగా పైకి వెళ్లి, చివరకు తారస్థాయిని దాటి దొంగగొంతులో నిలుస్తాడు. మొత్తం రెండున్నర స్థాయిల దూరం.

ఔత్సాహికులు దీన్ని దాటడానికి రకరకాల ఉపాయాలు పన్నుతారు. కొందరు శ్రుతి తగ్గిస్తారు. అప్పుడు కింది స్వరం వినిపించదు. కొందరు పై స్వరాన్ని ఒక స్థాయి కిందకు దించి పాడేస్తారు. వినడానికి ఇబ్బంది ఉండదు, పాట మాత్రం చచ్చిపోతుంది. ఇది ఒక పిరికివాడు ధైర్యం కూడగట్టుకుని ప్రేమను అడిగే పాట. పైకి ఎక్కడంలోని కష్టమే దాని అర్థం. అందుకే శ్రుతి తగ్గించి చక్కగా పాడినవారి కన్నా, అసలు శ్రుతిలో పాడుతూ చివర గొంతు చీరిపోయినవారే ఈ పాటకు దగ్గరగా ఉన్నారని నా అభిప్రాయం. సంగీత పోటీలో ఈ తీర్పు చెల్లకపోవచ్చు. విమర్శలో చెల్లుతుంది.

2017లో ఎ-హా బృందమే ఈ పాట వేగాన్ని బాగా తగ్గించి, ఎలక్ట్రానిక్ వాద్యాలు పక్కనపెట్టి పాడింది. ఒకప్పుడు యువకుడిగా పాడిన గొంతు యాభై ఏడేళ్ల వయసులో వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్లు ఉంటుంది. ఆ నెమ్మదికి ఒక కారణం ఉంది. ఇరవై ఏళ్లవారు అదే నెమ్మదిని అరువు తెచ్చుకుంటే ఆ కారణం వెంట రాదు.

అన్ని పాటలకూ ఒకే విషాదం

నెమ్మదిగా పాడే ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ ‘మ్యాడ్ వరల్డ్’. టియర్స్ ఫర్ ఫియర్స్ బృందం 1982లో విడుదల చేసిన మూలగీతంలో మాటలు నిరాశగా ఉంటాయి, దరువు మాత్రం నృత్యానికి తగినట్లు చురుగ్గా ఉంటుంది. ఈ పొసగనితనమే పాట ప్రాణం. ‘డానీ డార్కో’ సినిమా కోసం మైకేల్ ఆండ్రూస్, గ్యారీ జూల్స్ దీన్ని పియానోతో చాలా నెమ్మదిగా మలిచారు. అది 2003 క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. సినిమా చివర వచ్చినప్పుడు ఆ రూపం ఎంతో బాగుంటుంది. అప్పటిదాకా చూసిన కథ దాని వెనుక ఉంటుంది కదా.

ఔత్సాహికులు దాన్ని సూత్రంగా తీసుకున్నప్పుడు చిక్కు వచ్చింది. ఒక పియానో, ఊపిరి కలిసిన గొంతు, సగం వేగం ఉంటే చాలు, ఎనభైల నాటి ఏ హుషారు పాటనైనా కన్నీటి పాటగా మార్చేయవచ్చు. మార్చినవన్నీ ఒకేలా వినిపిస్తాయి. వీటిని తరచుగా ‘కొత్త వ్యాఖ్యానం’ అని మెచ్చుకుంటారు. వ్యాఖ్యానం అంటే ఆ పాటలోనే ఉన్నదాన్ని బయటికి తీయాలి, ఎక్కడైనా అతికే రంగును పూయడం కాదు.

దీనికి భిన్నంగా, తమ గొంతునే ఐదారుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చేవారు ఉన్నారు. కీబోర్డు వరసను నోటితో పాడతారు, డ్రమ్ మెషీన్ దరువును బల్ల మీద కొడతారు. అక్కడక్కడ లయ తడబడుతుంది. కానీ వేగం తగ్గించరు, ఏ పొర ఎప్పుడు లోపలికి వస్తుందో తప్పరు. వాళ్ల పాట విన్నాక మూలగీతాన్ని వింటే ఇంతకు ముందు వినపడనివి వినపడతాయి.

తెలుగు శ్రోతకు ఒక పోలిక

తెలుగులో ఇళయరాజా ఎనభైల నాటి పాటలను పాడే ఔత్సాహికులు సాధారణంగా కరోకె ట్రాకు మీద పాడతారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. వాద్యాలన్నీ ట్రాకులో ముందే అమరి ఉంటాయి. ఖాళీగా ఉన్నది గాయకుడి స్థానం ఒక్కటే. అందువల్ల బాలు నవ్విన చోట నవ్వడం, చిత్ర ఊపిరి తీసుకున్న చోటే ఊపిరి తీసుకోవడం ప్రతిభగా లెక్కకు వస్తుంది. మార్పు అపచారంలా కనిపిస్తుంది.

మన చట్టం కూడా కొంతవరకు ఇదే వైపు ఉంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 31సి సెక్షన్ ప్రకారం, మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిస్తే, నోటీసు ఇచ్చి రాయల్టీ చెల్లించి కవర్ వెర్షన్ చేయవచ్చు. హక్కుదారు సమ్మతితో అంతకు ముందు జరిగినవి, సాంకేతికంగా తప్పనిసరి అయినవి తప్ప పాటలో వేరే మార్పులు చేయరాదు. ఇంట్లో పాడి వినిపించేవారిలో ఎంతమంది ఈ దారిన వెళతారన్నది వేరే సంగతి.

అభ్యాసం: పైన చెప్పిన మూడు పాటలలో ఒకదానికి ఔత్సాహికులు చేసిన రెండు కవర్ వెర్షన్లు వినండి. మూలగీతంలో ఉండి వీటిలో లేనిది ఏమిటో, అది లేకపోవడం వల్ల పాట అర్థం మారిందో లేదో రెండు పేజీలకు మించకుండా రాయండి. “బాగుంది”, “బాగాలేదు” అన్న మాటలు వాడకండి.