మాత్ర మీద మోపిన పాత నేరం

“గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకు చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది.” ఈ వాక్యాన్ని మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. ఆరోగ్య శీర్షికల్లో ఇది తరచు కనిపిస్తుంది, దంతవైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లోనూ ఉంది. ఇంగ్లీషు వ్యాసాల్ని తెలుగు చేసే పనిలో నేనూ దీన్ని రెండు మూడుసార్లు అనువదించాను. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎవరు ఎప్పుడు చూశారు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ప్రశ్నలు ఇప్పుడు అడుగుతున్నాను.

ముందు ఆ వాక్యం పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. గర్భనిరోధానికి అమెరికాలో 1960లో మొదట అనుమతి పొందిన మాత్ర ఎనోవిడ్. అందులో ప్రొజెస్టోజెన్ జాతి హార్మోను దాదాపు 10 మిల్లీగ్రాములు, ఈస్ట్రోజెన్ జాతి హార్మోను 150 మైక్రోగ్రాములు ఉండేవి. మన ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్ మాత్రలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయోల్ 30 మైక్రోగ్రాములు మాత్రమే ఉంటాయి. ఈ రసాయనాలు వేరు, వాటి బలాలు వేరు కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చటం సరికాదు. అయినా అప్పటికీ ఇప్పటికీ మోతాదు బాగా తగ్గిందన్నది నిర్వివాదం.

చిగుళ్ళ మీద అనుమానం ఊరికే రాలేదు. చిగురు కణజాలంలో ఈ హార్మోన్లను గుర్తించే గ్రాహకాలున్నాయి. ప్రొజెస్టెరోన్ అక్కడి సన్నటి రక్తనాళాలను వెడల్పు చేసి, వాటినుంచి ద్రవం బయటికి ఊరేలా చేస్తుంది. గర్భవతుల్లో రెండో నెలనుంచి చిగుళ్ళ వాపు పెరుగుతూ పోయి, కాన్పు దగ్గరపడ్డాక తగ్గుతుందని లో, సిల్నెస్ అనే శాస్త్రజ్ఞులు 1963లో చూపించారు. మాత్రలోనూ అవే జాతి హార్మోన్లున్నాయి గనక ఫలితమూ అదే అయివుండాలన్న ఊహ సహజమే. 1967లో స్వీడన్‌లో లిండే, బ్యోర్న్ మాత్రలు వాడే స్త్రీల చిగుళ్ళనుంచి ఊరే ద్రవాన్ని కొలిస్తే అది నిజంగానే పెరిగింది. ఏడాదిన్నరకు మించి మాత్రలు వాడినవారిలో పంటిని పట్టివుంచే కణజాలం ఎక్కువ దెబ్బతిన్నదని 1974లో నైట్, వేడ్ రాశారు. ఆ పరిశోధకులను తప్పుపట్టడానికేమీ లేదు. వారు తమ కాలపు మాత్రను పరీక్షించారు, అంతే.

తప్పు ఆ తర్వాత జరిగింది. మాత్ర మారిపోయింది గానీ వాక్యం మారలేదు.

ప్రెషా, నట్సన్, మారియొట్టి 2001లో ప్రచురించిన ప్రయోగంలో, మాత్రలు వాడే యువతులనూ వాడనివారినీ తీసుకుని, కొన్ని పళ్ళను శుభ్రం చేయనీయకుండా ఉద్దేశపూర్వకంగా పాచి పేరుకోనిచ్చారు. రెండు జట్లలోనూ చిగుళ్ళు వాచాయి. వాపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2005లో టైక్‌మన్, ఎక్లండ్ అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేల సమాచారాన్ని తిరగతోడారు. 1988-94 నాటి సర్వేలోనే కాదు, పెద్ద మోతాదుల రోజులకు దగ్గరైన 1971-74 సర్వేలో కూడా మాత్రకూ చిగుళ్ళ జబ్బుకూ ముడి దొరకలేదు. దీన్నీ కళ్ళు మూసుకుని నమ్మనక్కర్లేదు. మాత్రలు కొనుక్కునే స్త్రీ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళగలిగే స్త్రీ కూడా కావచ్చు. ఆ స్తోమతే ఆమె చిగుళ్ళను కాపాడుతూ ఉండవచ్చు. పైగా 2007లో ఉత్తర ఐర్లండ్‌నుంచి, 2012లో బ్రెజిల్‌నుంచి వచ్చిన అధ్యయనాలు మాత్రలు వాడేవారి చిగుళ్ళు కొంత అధ్వాన్నంగా ఉన్నాయన్నాయి. అవి చిన్న అధ్యయనాలు, ఒకసారి చూసి లెక్కకట్టినవి. తూకం వేస్తే నాకు ఇలా తోస్తుంది: నేటి తక్కువ మోతాదు మాత్ర చిగుళ్ళకు చేటు చేస్తుందనే వాదం బలహీనమైనది, పూర్తిగా కొట్టేయదగ్గది మాత్రం కాదు. అయినా 2017 ప్రపంచ సదస్సు తయారుచేసిన చిగుళ్ళ జబ్బుల వర్గీకరణలో సైతం గర్భనిరోధక మాత్రల పేరు అలాగే ఉండిపోయింది. పాఠ్యపుస్తకంలోకి ఎక్కటం కష్టం గానీ, ఎక్కాక దిగటం ఇంకా కష్టం!

ఈ చర్చ తెలుగువారికి దూరంగా అనిపించవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. మాత్రలు వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు. పశ్చిమ బెంగాల్లో సుమారు ఐదుగురిలో ఒకరు మాత్రలు వాడుతున్నారు. కాబట్టి ఈ ప్రశ్న మన దేశంలో నిజంగా ఎదురయ్యే చోటు కోల్‌కతా. చిత్రమేమంటే దేశంలో మొట్టమొదటి దంతవైద్య కళాశాల పుట్టిందీ అక్కడే. అమెరికాలో చదివివచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో దాన్ని స్థాపించారు. ఖర్చుల కోసం ఆయన నడిపింది న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే దుకాణం. తీపి పానీయాల డబ్బుతో పళ్ళ వైద్యం! ఆయన పేరనే నడుస్తున్న ఆ కళాశాల ఇప్పటికీ సియాల్దా దగ్గర ఉంది.

అటువంటి నగరంలో అధ్యయనం చేసేవారికి స్వీడన్‌లో లేని చిక్కులు ఎదురవుతాయి. కిళ్ళీ, జర్దా, గుట్కా నమిలే అలవాటు చిగుళ్ళను మాత్రకంటే ఎన్నో రెట్లు గట్టిగా దెబ్బతీస్తుంది. వాటిని లెక్కలోంచి విడదీయకుండా “మాత్రలు వాడేవారిలో ఇంతమందికి జబ్బు” అని రాస్తే ఆ అంకెకు విలువ లేదు. ఏ మాత్ర అన్నదీ రాసుకోవాలి. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ రూపొందించగా 1991లో ‘సహేలీ’గా మార్కెట్లోకి వచ్చి, తర్వాత ‘ఛాయా’ పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలో చేరిన మాత్రలో ఈస్ట్రోజెనూ లేదు, ప్రొజెస్టోజెనూ లేదు. ఎనోవిడ్ నాటి నేరాన్ని దానికి అంటగట్టడం ఏ లెక్కన న్యాయం?

ఇదంతా పండితుల తగవు అనుకోకండి. పళ్ళు తోముకుంటుంటే రక్తం కనబడిన ఒక స్త్రీ ఆ వాక్యం చదివి మాత్ర మానేసిందనుకుందాం. రక్తం ఆగదు, ఎందుకంటే దానికి మూలం పళ్ళ మొదట్లో పేరుకున్న పాచి, అది గట్టిపడిన గార. దాన్ని తీయించాలి. హార్మోన్లు ఏమైనా చేస్తే, పాచి రగిల్చిన మంటను కాస్త ఎగదోస్తాయేమో గానీ, మంట పెట్టేది పాచే. ఈలోగా ఆమె కోరుకోని గర్భం ధరిస్తే, ఒంట్లో హార్మోన్లు మాత్ర ఎన్నడూ ఇవ్వనంత స్థాయికి పెరుగుతాయి. అప్పుడు చిగుళ్ళ సంగతి లో, సిల్నెస్ 1963లోనే చెప్పారు. గార తీయకుండా “మాత్ర మానెయ్యండి” అని పంపేసే దంతవైద్యుడు ఆమెకు రెండు విధాలా అన్యాయం చేస్తున్నాడు.

అలాగని మాత్ర వాడుతున్న సంగతి పళ్ళ డాక్టరుకు చెప్పనక్కర్లేదని కాదు. పన్ను పీకాక గుంటలో గడ్డకట్టిన రక్తం ముందుగానే కరిగిపోయి, ఎముక బయటపడి, రెండు మూడు రోజులకు విపరీతమైన నొప్పి వస్తుంది. దీన్ని డ్రై సాకెట్ అంటారు. మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువగా వస్తుందనటానికి చిగుళ్ళ వాపుకన్నా మెరుగైన ఆధారాలున్నాయి. ఈస్ట్రోజెన్ రక్తపు గడ్డను కరిగించే ప్రక్రియను పెంచటం కారణమని భావిస్తున్నారు. అందుకే జ్ఞానదంతం వంటివి తీయించుకోవటానికి, అత్యవసరం కాకపోతే, హార్మోను లేని మాత్రలు మింగే రోజులను, అంటే మాలా-ఎన్‌లో చివరి ఏడు ఇనుము మాత్రల రోజులను, కొందరు వైద్యులు ఎంచుకుంటారు. మరొకటి: దంతవైద్యులు మామూలుగా రాసే అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ మాత్ర పనిని చెడగొట్టవు. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మాత్రం చెడగొడుతుంది. ఆ మందు వాడుతున్నంతకాలం, మానాక మరి నాలుగు వారాలపాటు కూడా వేరే పద్ధతి అవసరం.